ఆదివారాల కెప్టెన్

నాకొక రోగం ఉంది. ఎక్కడైనా అక్షరాలు కనబడితే చదవకుండా ముందుకు కదలలేను. బస్సు వెనకాల రాసినవి, బజ్జీలు పొట్లం కట్టిన కాగితం మీదివి, గోడ మీద సగం చిరిగిన సినిమా పోస్టరువి, ఏవైనా సరే. ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యాక ఈ రోగం ఇంకా ముదిరింది. మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయినవాడు. ఆయనకు ఈ బాధ లేదు. ఇంటికి వచ్చిన పెళ్ళిపత్రిక కూడా నేనే చదివి వినిపించాలి.

అందుకే, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె దసరా ముందర ఆదోనిలో మా ఇంటికి వచ్చి, "మేడమ్, మా చేన్లో ఒక రాయి ఉండాది. దాని మీద ఇంగ్లీషులో ఏందో రాసుండాదంట. వచ్చి సదివి పెడ్తారా?" అని అడగ్గానే, సంగతేమిటో పూర్తిగా వినకముందే చెప్పులు ఎక్కడున్నాయా అని చూసుకున్నాను.

అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు నలభై దాటాయి. నేను ఎమ్మిగనూరు బళ్ళో పనిచేసేటప్పుడు మేనమామ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. ఆ వీధిలో మగ్గాల చప్పుడుకి నా పాఠం వినబడదని ముందు బెంచీలో కూర్చునేది. తర్వాత హొళగుంద వైపు ఒక పల్లెకి ఇచ్చి పెళ్ళి చేశారు. నాలుగైదు ఎకరాల మెట్ట చేను, పత్తి, శనగ. ఆరోజు మొగుడికి తల స్కానింగు తీయించడానికి ఆదోని వచ్చారు. ఆయన లోపలికి రాకుండా మా గేటు బయటే నిలబడ్డాడు. పిలిస్తే, "బురద కాళ్ళు మేడమ్" అని నవ్వాడు. కాళ్ళకు బురదేమీ లేదు.

"తలకేమైందే?" అన్నాను.

"ఇంకేమైతాది మేడమ్? పోయిన దసరాకు గట్టు మీద పగిలింది."

మా వైపు గట్టు అంటే దేవరగట్టే. దసరా రాత్రి ఆ కొండ మీద దేవుడి ఉత్సవ విగ్రహాలు బయటికి వస్తాయి. వాటిని మా ఊరికంటే మా ఊరికి తీసుకుపోవాలని చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఇనుప పొన్నులు వేసిన కట్టెలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిలితే ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి దూరతారు. అది దేవుడి పని, దాన్ని దెబ్బ అనకూడదు అంటారు. ఈ అమ్మాయి మొగుడికి పోయినేడు నెత్తిన గట్టిగానే తగిలింది. ఇప్పుడు డాక్టరు స్కానింగు చూసి, అదే చోట ఇంకో దెబ్బ పడితే నేను చేసేదేమీ ఉండదని ముఖం మీదే చెప్పాడట.

"అయితే ఈ ఏడు పంపకు."

"నేనెవరు మేడమ్ పంపనీకి, పంపకుండనీకి?" అంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ కిందికి జారనివ్వలేదు. "మా చేన్లో దొర రాయి అని ఉండాది. వంద మందితో ఒక్కడే కత్తి పట్టుకోని కొట్లాడి, నిలబడే సచ్చిపోయిన దొర అంట. గట్టుకు పోయేముందు ఊర్లో కట్టెలన్నీ ఆ రాయికి తాకించుకోని పోతారు. ముందర మా ఇంటి కట్టె తాకల్ల. ఆ కట్టెను ఇంటి ఆడమనిషి చేత్తో అందియ్యల్ల. మా అత్త ఉన్నన్నాళ్ళు ఆమె ఇచ్చె. ఇప్పుడు నేను. పోయినేడు పగిలిన తలకు కూడా నా చేత్తోనే ఇస్తి గదా మేడమ్."

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు.

"ఆ దొర నిజంగా యుద్ధం చేసినాడా, లేక మావోళ్ళు ఊరికే సెప్పుకుంటాండారా? అది తేల్చి పెట్టండి మేడమ్. ఆ దొర మొగోడు కాదని తేలిందంటే ఈయప్పను ఆపుకుంటా. దొర రాయి తాకినోనికి ఏమీ కాదని ఈయప్ప నమ్మకం."

"మరి పోయినేడు తగిలింది కదే!"

"రాయి తాకినాను గాబట్టే సావలేదు అంటాండాడు."

వస్తానని మాటిచ్చి పంపాను.

పెద్దల అమావాస్య నాడు బయల్దేరాను. హొళగుంద బస్సెక్కి, దారిలో దిగి, అక్కడినుంచి ఆటోలో. నల్లరేగడి చేల మధ్య ఒక చేను గట్టు మీద నిలువెత్తు రాయి, చుట్టూ సిమెంటు పూసిన రాళ్ళ కట్ట. రాయి నల్లగా నిగనిగలాడుతోంది. ఎన్ని తరాల నూనో, ఎన్ని దసరాల పసుపూ కుంకుమో, పొర మీద పొర పేరుకుని దోసె పెనానికి పట్టిన మడ్డి లాగా ఉంది. అక్షరం కాదు కదా, గీత కూడా కనబడదు. చేత్తో తడిమితే మాత్రం లోపల గరుగ్గా ఏదో తగులుతోంది. ఇక నన్నెవరు ఆపగలరు?

"కడగాలి" అన్నాను.

శిష్యురాలి మొగుడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "దొరను కడిగేదేంది మేడమ్? పెద్దోళ్ళు పూసింది మనం గీకేస్తామా?"

మా శిష్యురాలు అందుకుంది. "ఏడాదికొకసారి నూనె పెడ్తాం. ఎప్పుడన్నా నీళ్ళు పోసినామా? పండగొస్తే నువ్వు తలకు పోసుకోవా? ఇంట్లో మనకు నూనె పెట్టి నీళ్ళు పొయ్యకపోతే ఊరుకుంటామా?"

ఆయన ఆలోచించాడు. పాపం, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తనే పొయ్యి రాజేసి నీళ్ళు కాచాడు. కుంకుడుకాయ రసం, కొబ్బరి పీచు, వెదురు పేడు. పెద్దల పూజ చేసుకోవలసిన రోజున ముగ్గురం చేరి ఒక తెల్లదొరకు తలంటి పోశాం. మడ్డి పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద బూడిద రంగు రాయి బయటపడేసరికి నా గుండె చిన్నపిల్ల గుండెలా కొట్టుకుంది. మొదట ఒక పెద్ద అక్షరం, తర్వాత ఒక వరస, దొర పేరు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన తాలూకు మనుషులు ఎక్కడో ఉండే ఉంటారు. ఊరికి ఆయన దొర, అంతే చాలు.

"ఏముండాది మేడమ్?" మొగుడు నా భుజం మీదుగా వంగాడు.

"ఆదోనిలో ఫలానా బ్యాంకుకు ఏజెంటు, అని ఉందప్పా."

"బ్యాంకా?"

"ఆ. అప్పట్లో పత్తి వ్యాపారానికి పెట్టిన బ్యాంకు అయ్యుంటుంది. ఏజెంటంటే ఇప్పటి మేనేజరు."

ఆయన ముఖం చూడాలి. కల్లు అనుకుని మజ్జిగ తాగినవాడిలా అయిపోయాడు. "మా తాత ముత్తాతలు బ్యాంకు మేనేజరుకు టెంకాయ కొట్టినారా?"

"ఏం, మా ఆయన బ్యాంకులో ఉన్నప్పుడు టెంకాయలు కొట్టినవాళ్ళు లేరనుకున్నావా?" అన్నాను.

మా శిష్యురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయితే ఆ కింది వరస ఆమె నవ్వును ఆపేసింది. వాలంటీర్ల రైఫిల్ దళంలో కెప్టెన్ అని ఉంది.

"కెప్టెన్!" మొగుడు చెంబు కింద పడేసి చప్పట్లు కొట్టాడు. "మిలిట్రీ! నేను సెప్పలే? మా తాత అబద్ధమాడతాడా?"

"వాలంటీరంటే పింఛన్లు పంచేటోళ్ళు గదా మేడమ్" అని ఆమె ఆశగా అడిగింది.

"ఆ వాలంటీరు వేరే, ఈ వాలంటీరు వేరే."

ఆ కింద ఇంకా వరసలున్నాయి. ఉన్నాయని ఎలా తెలుసంటే, ఒక వరస నెత్తి మాత్రం కనబడుతోంది. మిగిలినదంతా వాళ్ళ తాత కట్టించిన కట్టలో కూరుకుపోయింది. కట్ట కదిలిస్తే ఊరు ఊరుకోదని మొగుడు ఖండితంగా చెప్పేశాడు. సగం చదివి వదిలేసి రావడమంటే నాకెంత నరకమో చెప్పలేను. ఆటోలో దారి పొడుగునా పళ్ళు నూరుకున్నాను.

ఇంటికొచ్చి ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ఆ మనిషి గురించి ఏమీ దొరకలేదు గానీ, ఆ కాలపు వాలంటీరు దళాల గురించి దొరికింది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులోనూ ఇక్కడా బ్యాంకుల వాళ్ళు, రైల్వే వాళ్ళు, వ్యాపారులు, వకీళ్ళు కలిసి దళాలు పెట్టుకునేవారట. వారమంతా ఎవరి ఉద్యోగం వాళ్ళది. తీరిక దొరికిన పూట యూనిఫారం వేసుకుని కవాతు, గురి చూసి కాల్చడం. చాలామంది యుద్ధం అంటే ఏమిటో కళ్ళతో చూడకుండానే ముసలివాళ్ళై పోయారు. అయినా కెప్టెన్ అనీ, మేజర్ అనీ చచ్చేదాకా పిలిపించుకునేవారు.

ఇక నా బుర్రలో ఆ దొర కాపురం పెట్టాడు. సోమవారం పొద్దున కోటు వేసుకుని బ్యాంకుకు వెళ్ళేవాడా? జిన్నింగు మిల్లుల దూది గాలికొచ్చి ఆ కోటు మీద వాలేదా? ఎండాకాలం ఆదోనిలో ఆ మందపాటి ఉన్ని బనాతు యూనిఫారం ఎలా వేసుకున్నాడు మహానుభావుడు? కత్తి ఇంట్లో ఎక్కడ తగిలించేవాడు? ఉగ్గాని తిన్నాడా ఎప్పుడైనా? బ్యాంకులో మందలించిన గుమాస్తానే సాయంత్రం కవాతులో పక్కన నిలబడితే ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారు? వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆదోనిలో బ్యాంకు పెట్టుకుని, ఆదోనిలో కాపురముండి, ఇంత దూరాన చేను గట్టు మీద ఎందుకు పూడ్చబడ్డాడు?

అన్నం తింటూ మా ఆయనతో ఇదంతా ఏకరువు పెట్టాను. "బ్యాంకులో హాయిగా ఫ్యాను కింద కూర్చునేవాడికి ఈ తుపాకీ సోకేమిటండీ?" అన్నాను.

"అప్పట్లో ఫ్యాన్లు లేవు" అన్నాడు. తర్వాత మజ్జిగ పోసుకుంటూ, "అంతకాలం బ్యాంకులో కూర్చున్నాను కదా, నాకూ ఆదివారమొస్తే కత్తి పట్టుకోవాలనే ఉండేది. నీకేం తెలుసు" అన్నాడు.

ఈయనా! బొద్దింక కనబడితే మంచమెక్కే మనిషి! నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అదే నాకు కొత్తగా అనిపించింది.

దసరా ఇంకో వారం ఉందనగా మా శిష్యురాలు ఫోను చేసింది. ఊపిరి ఎగబోస్తోంది.

"మేడమ్, ఈయప్ప ఎమ్మిగనూరు సంతకు పోయినాడు. నేను గడ్డపార తీసుకోని ఆ కట్ట రాళ్ళు ఒక పక్కన లాగేస్తి. ఇంగా నాలుగు వరసలుండాయి. జల్దీ రాండి!"

నేను చేరేసరికి సంతకు పోయినవాడు కూడా చేరాడు. ముఖం కందగడ్డలా ఉంది. కూలిన కట్ట పక్కన ఆమె గడ్డపార పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ నాతో మాట్లాడుతున్నారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు.

"ఎట్లా ఇప్పింది గదా, సదవండి మేడమ్" అన్నాడు ఆయన నావైపే చూస్తూ.

మట్టి తుడిచి చదివాను. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఆ ముక్కను తెలుగులో ఎలా అనాలో తోచక తడుముకున్నాను.

"ఏమైంది మేడమ్?"

"ఇక్కడే, ఈ మైదానంలోనే వాళ్ళ దళం ఉత్తుత్తి యుద్ధం ఆడిందటప్పా. అంటే... నిజం యుద్ధం కాదు. అందరూ ఒకే దళం వాళ్ళే. సగం మంది శత్రువులమని అనుకుంటారు, సగం మంది మనవాళ్ళమని. తుపాకుల్లో గుండ్లు ఉండవు, చప్పుడే. చూడ్డానికి జనం వస్తారు. అట్లాంటి దాంట్లో పొరపాటున తలకు దెబ్బ తగిలి, మరుసటి రోజు డేరాలో చచ్చిపోయాడట. అందుకే ఇక్కడ పూడ్చారు."

చేను గట్టు మీద సమాధి ఎందుకన్న చిక్కు విడిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది, నిజం చెప్తున్నాను. ఒక్క క్షణం ఆ సంతోషంలో పక్కనున్న ఇద్దరినీ మరిచిపోయాను.

మా శిష్యురాలు గడ్డపార నేలకేసి కొట్టింది. "ఇన్నావా? వంద మందీ లేరు, కత్తీ లేదు. ఆట! ఆటలో తలకు తగిలి సచ్చినాడంట! ఆ రాయి తాకితే నీ తల నిలుస్తాదా? ఆయప్ప తలే నిలవలేదు!"

గెలిచింది అనుకున్నాను. ఆమె కూడా అనుకుంది. ముఖం వెలిగిపోయింది పిచ్చిదానికి.

మొగుడు రాయి కేసి చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "అయితే ఈ దొర మావోడే" అన్నాడు.

"ఏందీ?"

"వంద మందిని నరికినోడంటే నాకు ఎప్పుడూ బయమే ఉండె. మనమేడ, ఆయప్పేడ అనుకుంటుంటి. ఇప్పుడు తెలిసె. ఆయప్ప కూడా వారమంతా పని సేసుకోని, ఒక పొద్దు కట్టె పట్టినోడే. మాలాగనే తలకు తగిలినోడే. అది తెలిసే మా పెద్దోళ్ళు ఈ రాయికి కట్టె తాకించినారు." చేతులు జోడించి రాయికి దండం పెట్టుకున్నాడు, ఎప్పుడూ లేనంత భక్తిగా.

మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని చూశాం. ఎంత తెలివైన ఆడవాళ్ళం! నిజం బయటపెడితే మనిషి ఆగిపోతాడనుకున్నాం. దొరను దేవుడి పీట మీది నుంచి దింపి తెచ్చి సరాసరి ఆయనకు తోడిచ్చాం.

నాకు కోపమొచ్చింది. "అసలు ఎందుకప్పా పోవడం? ఇంట్లో పెళ్ళాం ఉన్నవాడివి. డాక్టరు చెప్పాక కూడా?"

ఆయన నా మీద కోపగించుకోలేదు. చేను గట్టు మీద కూర్చున్నాడు. "మీ దొర బ్యాంకులో ఏం సేస్తుండె మేడమ్? వంగి రాసుకుంటుండె. నేనేం సేస్తా? వంగి కలుపు తీస్తా. వాన రాకపోతే ఆకాశానికి దండం. పత్తి తీస్కపోతే మార్కెట్లో దండం. ఏ ఆఫీసుకు పోయినా బయట నిలబడి దండం. మీ గేటు కాడ కూడా నేను లోపలికి రాలేదు, సూసినారు గదా? ఏడాదంతా ఇంతే. ఆ ఒక్క రాత్రి, 'అన్నా, నువ్వు ముందుండు, మేం నీ ఎనక వస్తాం' అంటారు. ఊరంతా అంటాది. ఆ ఒక్క మాట కోసరం పోతా."

మజ్జిగ పోసుకుంటూ మా ఆయన అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది.  

మా శిష్యురాలు మాత్రం రాయి దగ్గరే ఉంది. "ఇంగా ఒక వరస ఉండాది మేడమ్. అది సదవలేదు మీరు."

ఆ రోజుల్లో సమాధుల మీద మామూలుగా రాసే మాటే అది. దుఃఖించే భార్యను, తండ్రి ముఖం ఎరగని బిడ్డను వదిలి వెళ్ళాడని. ఈ రాయి ఆ భార్య పెట్టించిందని. చదివి చెప్పాను.

ఆమె రాయి ముందర చతికిలబడింది. వేలితో ఆ వరస మీద తడిమింది. ఏడో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో అక్షరమే పట్టి చూస్తోంది.

"కడుపుతో ఉండె ఆయమ్మ" అంది. "తర్వాత యాడికి పోయింది మేడమ్? ఎట్ల బతికింది?"

తెలియదన్నాను. దొర కోటు గురించి, కత్తి గురించి, ఉగ్గాని గురించి అంత ఆలోచించినదాన్ని, ఆమె ఒకతె ఉంటుందని నాకు తట్టనేలేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను. ఏమీ దొరకలేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. అంతసేపట్లో మొదటిసారి ఆయనతో మెత్తగా మాట్లాడింది. "ఆయప్ప ముందు పోతే అందరూ ఎనక పోయినారు. సచ్చినాక ఎవరిండ్లకు వాళ్ళు పోయినారు. ఈ రాయి కాడ ఆయమ్మ ఒక్కతే నిలబడింది. నాకు రాయి పెట్టించే శక్తి గూడ లేదు అప్పా."

ఆయన లేచి, ఎద్దులకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయాడు.

దసరా నాడు నన్ను రమ్మంది. ఒక్కదాన్నే ఉండలేనంది. "వెళ్ళు గానీ, నువ్వు కట్టె పట్టుకోవద్దు" అన్నాడు మా ఆయన. నేను వెళ్ళేసరికి ఓళిగలు చేసిపెట్టింది. రుచిగానే ఉన్నాయి గానీ ఇద్దరం తలా ఒకటి తిని పక్కన పెట్టేశాం. ఇంటికి వచ్చినవాళ్ళంతా జమ్మి ఆకు చేతిలో పెట్టి దండం పెట్టి పోతున్నారు. ఆమె మొగుడు మాత్రం పొద్దున్నుంచీ ఇంట్లో నిలవడం లేదు.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళంతా డప్పులతో చేను గట్టుకు చేరారు. అందరి భుజాల మీదా కట్టెలు. కడిగిన రాయికి మళ్ళీ కొత్తగా పసుపూ కుంకుమా పెట్టారు. కట్ట ఎవరు కూల్చారని అడిగితే, వానకు పడిపోయిందని ఆయనే చెప్పాడట. ఆయన వచ్చి రాయి ముందర నిలబడి రెండు చేతులూ చాచాడు. మా శిష్యురాలు ఇంటి కట్టె పట్టుకుని ఎదురుగా ఉంది. డప్పులు ఆగాయి.

ఆమె ఇవ్వలేదు. వంగి ఆ కట్టెను రాయి మొదట్లో పెట్టి, చేతులు కొంగులో దాచుకుంది.

"నా చేతి మీద ఇయ్యను" అంది. అందరికీ వినబడింది. "పోవల్లనుకుంటే నువ్వే తీసుకోని పో."

ఎవరో పెద్దాయన, "ఏమ్మే, పండగపూట ఇదేం పద్ధతి?" అని గద్దించాడు. ఇంకెవరో గొణిగారు.  ఆయన చాచిన చేతులు అలాగే ఉన్నాయి. ఆ ముఖంలోకి చూడలేకపోయాను, అంత చిన్నబోయింది. తర్వాత వంగి తనే కట్టె తీసుకున్నాడు. రాయికి తాకించాడో లేదో కూడా గమనించలేదు నేను. ట్రాక్టర్లు కదిలాయి. ఆమె తలెత్తి చూడలేదు.

ఆ రాత్రి మేమిద్దరం పేరుకి పడుకున్నాం.

తెల్లారి పొద్దెక్కాక ట్రాక్టరు చప్పుడైంది. ఆమె కదలలేదు. గడపలో అలాగే కూర్చుండిపోయింది. నేనే బయటికి వెళ్ళాను. ఆయన దిగాడు. తల చుట్టూ గుడ్డ కట్టి ఉంది, పసుపుతో తడిసి ముద్దయిన గుడ్డ. చెంప మీదికి కూడా పసుపు కారి ఎండిపోయింది. కాళ్ళు తడబడుతున్నాయి.  పక్కనున్నవాళ్ళు, "అన్నకు మళ్ళీ తగిలినట్టుండాది. గుంపులో మాకు కనపడలే, పొద్దున బండి కాడ సూస్తిమి" అంటున్నారు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. లేచి ఆయన రెక్క పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసింది. నేను నీళ్ళ చెంబుతో వెనకాల వెళ్ళాను. కూర్చోబెట్టి ముడి విప్పుతోంది. పసుపు నీళ్ళకు బిగుసుకుపోయి ఊడటం లేదు. నేను సాయం పట్టాను. గుడ్డ ఊడింది.

పోయినేటి మచ్చ ఉంది. ఇంకేమీ లేదు.

ఆమె పేలు చూసినట్టు తలంతా వెతికింది. చెవుల వెనక, మెడ మీద, నడినెత్తిన. ఎక్కడా గీత కూడా లేదు.

"దెబ్బ యాడ?" అంది.

ఆయన నేల చూపులు చూశాడు. "గట్టు ఎక్కలేదు" అన్నాడు, వినీ వినబడకుండా. "కింద ట్రాక్టర్ల కాడనే కూర్చుంటి తెల్లారిందాక. కట్టె నీ చేతి మీద రాలేదు గదా, కాళ్ళు పోలేదు. దెబ్బలు తగిలినోళ్ళకు పసుపు పూస్తాండిరి. ఇంత అడిగి తీసుకుంటి. ఊర్లో మొగం ఎట్ల సూపియ్యల్ల మరి?"

ఆమె ఆయన రొమ్ము మీద రెండు చేతులతో బాదింది. బాదుతూ అక్కడే తల ఆనించి ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

బయట నుంచి ఎవరో పిలిచారు. "అన్నా! తల ఎట్లుండాది? ఆదోనికి పోదామా ఆస్పత్రికి?"

ఆమె గబగబా కళ్ళు తుడుచుకుంది. డబ్బాలోంచి గుప్పెడు పసుపు తీసి, నా చెంబులోంచి నీళ్ళు పోసి కలిపింది. నుదుటి నిండా, మచ్చ నిండా మెత్తింది. అదే గుడ్డ తీసుకుని మళ్ళీ తల చుట్టూ తిప్పి, మోకాలు ఆనించి బిగించి కట్టసాగింది.

"మెల్లగ మే" అన్నాడు ఆయన. "నొస్తాండాది."

"నొస్తే గట్టిగా అరుసు" అంది ఆమె ముడి ఇంకా బిగిస్తూ. "బయట అందరికీ ఇనపడల్ల."